మొదటిది పారబోసే పెద్దాయన

పెద్దాయన మొదటిదాన్ని దేన్నీ నమ్మడు. కుళాయి తిప్పగానే వచ్చే మొదటి గ్లాసు నీళ్లు, ఫ్లాస్కు వంచగానే వచ్చే మొదటి గుక్క టీ, కొత్త పెన్నుతో గీసే మొదటి గీత, ఎదురుపడ్డ మనిషి చెప్పే మొదటి జవాబు, ఇవన్నీ ఆయన దృష్టిలో పారబొయ్యాల్సినవే. రెండోది వచ్చేదాకా చేతులు కట్టుకుని ఓపిగ్గా నిలబడతాడు. అందుకే ఆఫీసులో ఆయనకి పారబోత పెద్దాయన అని పేరు పడింది. ఎదురుగా ఉంటే పెద్దాయన, పక్కకి తిరిగితే పారబోత పెద్దాయన. రెండూ ఆయన చెవిన పడ్డాయి. మొదటిసారి పిలిస్తే పలకడనీ, రెండోసారికే పలుకుతాడనీ, కాబట్టి ఏ పేరుతో పిలిచినా నష్టం లేదనీ పంపు మేస్త్రి అంటాడు.

లెక్కలమ్మాయికి ఈ సంగతి ఉద్యోగంలో చేరిన రోజునే అనుభవంలోకి వచ్చింది. ఆమె పని మూడో అంతస్తులో, కంప్యూటర్ల గదిలో. అయినా కొత్తగా చేరినవాళ్లు ముందు కింది అంతస్తులో ఉన్న లాబ్ చూసి రావాలని అక్కడ ఒక ఆనవాయితీ. వెళ్లింది. నెరిసిన జుట్టు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, జేబులో నాలుగు పెన్సిళ్లు ఉన్న ఒకాయన ఎలా ఉన్నావమ్మా అని అడిగాడు. బాగున్నాను సార్ అంది. ఆయన తలూపి, ఆ మాట నేల మీద పడి దొర్లిపోవడానికి కావలసినంత సేపు ఆగి, మళ్లీ అడిగాడు.

"ఎలా ఉన్నావమ్మా?"

ఆమె ఒకసారి వెనక్కి చూసింది. వేరే ఎవరూ లేరు. "కొంచెం భయంగా ఉంది సార్" అంది.

"ఆఁ, రా, కూర్చో" అని కుర్చీ జరిపాడు.

ఆయనకి ఈ అలవాటు రాళ్ల దగ్గర అబ్బింది. ఆ ఆఫీసు పని భూమి అడుగున చమురు దాచుకున్న రాయి గురించి తెలుసుకోవడం. చమురు అక్కడ మడుగు కట్టి ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. బ్రెడ్డు ముక్క పాలు పీల్చుకున్నట్టు, పైకి గట్టిగా కనిపించే రాయి తన సన్నని రంధ్రాల నిండా దాన్ని పీల్చుకుని కూర్చుంటుంది. అడిగితే ఇవ్వదు. ఒక పక్క నుంచి నీరు ఎక్కించి తోస్తే, ఇంకో పక్క నుంచి చమురు బయటికొస్తుంది. ఆ నీరు ఎంత దూరం వచ్చింది, దారిలో ఏ చోట రంధ్రాల్లో నీటి వాటా ఎంత, చమురు వాటా ఎంత అన్నది అసలు ప్రశ్న. ఆ నీటి వాటాని వాళ్లు శాచురేషన్ అంటారు. పైన లెక్కలమ్మాయి దాన్ని కంప్యూటర్లో మోడల్ కట్టి లెక్కగడుతుంది. కింద పెద్దాయన పిడికిలంత రాతి ముక్కలోకి నిజంగానే నీరు పంపి, రెండో చివర నుంచి వచ్చేదాన్ని గీతల సీసాల్లో పట్టి చూస్తాడు.

ఇక్కడే గొట్టం వస్తుంది. రాతి ముక్కకీ సీసాకీ మధ్య రెండు మూరల సన్నని గొట్టం ఉంది. పంపు తిప్పగానే సీసాలో పడే మొదటి రెండున్నర మిల్లీలీటర్లు రాయి ఇచ్చినవి కావు. అంతకుముందే గొట్టంలో ఉండిపోయినవి. వాటిని కూడా రాయే ఇచ్చిందని రాసుకుంటే లెక్కంతా బోర్లా పడుతుంది. అందుకని పెద్దాయన ఆ రెండున్నరనీ పారబోసి, అప్పుడు ఒకటి అని మొదలుపెడతాడు. "అది నిన్నటిదమ్మా. రాయి ఇంకా నోరు విప్పలేదు" అంటాడు.

ముప్ఫై ఒక్క ఏళ్లు రోజూ అదే పని చేసేసరికి ఆ పారబోత లాబ్‌లో ఇమడక బయటికి నడిచింది. కిటికీ దగ్గర ఒక కుండీలో వెడల్పాటి ఆకుల మొక్క ఒకటుంది. ఫ్లాస్కులో మొదటి గుక్క టీ రోజుకి రెండుసార్లు దానికే. ఆ మొక్క ఆ భవనంలోకెల్లా పెద్దదైంది. దానికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనీ, ఆకులు చూస్తే కళ్లు విప్పార్చుకుని ఉన్నట్టు లేవా అనీ పంపు మేస్త్రి వచ్చిన వాళ్లందరికీ చూపిస్తాడు. మేస్త్రి పంపులు బాగుచేసే మనిషి. ఇరవై ఏళ్లుగా పెద్దాయనతోనే ఉన్నాడు. ఆయన్ని వెక్కిరించే హక్కు తనకి ఉద్యోగంతో పాటు వచ్చిందని అతని నమ్మకం.

బస్టాపులోనూ అంతే. పెద్దాయన మొదటి బస్సు ఎక్కడు. అందులో ఉన్నవాళ్లంతా ముందు బస్సు దొరకని వాళ్లట, వాళ్ల విసుగు ఇంకా దిగలేదట. ఒక వాన రోజు ఆయన అలాగే మొదటి బస్సు వదిలేశాడు. ఆ మొదటి బస్సే ఆ రోజుకి ఆఖరిదని తర్వాత తెలిసింది. ఐదు కిలోమీటర్లు నడిచి, తడిసి ముద్దై ఇంటికెళ్లి, తలుపు తీసిన భార్యతో "రెండోది రాలేదు" అన్నాడట. ఆవిడ తువ్వాలు ఇస్తూ, వస్తుందేమో ఇంకాసేపు చూడాల్సింది అందట.

ఆ భార్య కుట్టుపని నేర్పే టీచరు. ఆయన మధ్యాహ్నం డబ్బా మర్చిపోయినప్పుడల్లా తెచ్చిచ్చి, పది నిమిషాలు కూర్చుని, మొగుడి మీద చాడీలు చెప్పి వెళ్తుంది. లెక్కలమ్మాయి భోజనం కూడా లాబ్‌లోనే కాబట్టి ఆవిడ కథలన్నీ ఈమెకి కంఠతా వచ్చాయి. వాటిలో గొప్పది పెళ్లి కథ. ఆ రోజుల్లో ఆయన వచ్చి నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. ఆవిడ సరే అంది. ఆయన థాంక్స్ చెప్పి, ఆదివారం మళ్లీ వచ్చి అడుగుతానని వెళ్లిపోయాడు.

"వెళ్లిపోయారమ్మా. సరే అన్నాక. నాలుగు రోజులు నాకు పిచ్చెక్కినట్టయింది. ఆదివారం రానే వచ్చి, మళ్లీ అదే అడిగారు. ఒళ్లు మండి, 'సరేగానీ నాకు వంట రాదు, పొద్దున్నే లేవను, మీ అక్కయ్యంటే నాకు పడదు' అన్నాను."

"ఆయనేమన్నారండీ?"

"ఏమంటారు, 'ఇప్పుడు సరే' అన్నారు."

లెక్కలమ్మాయి ఈ కథని మూడో అంతస్తులో అభినయించి చూపించేది. చేతులు కట్టుకోవడం, తల ఒక పక్కకి వాల్చడం, మాట నేల మీద పడేదాకా ఆగడం, అన్నీ అచ్చు గుద్దినట్టు చేసేది. టీ గదిలో ఎవరైనా గుడ్ మార్నింగ్ అంటే పలక్కుండా నిలబడి, రెండోసారి అన్నాకే పలికేది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. పెద్దాయన అలవాట్ల మీద తనంత పట్టున్న మనిషి ఆ భవనంలో ఇంకొకరు లేరని ఆమెకి పేరొచ్చింది. ఆమె కూడా అలాగే అనుకుంది.

ఆయన్ని చూసి ఎవరైనా బెదిరేవారంటే అది ఆఫీసు నడిపే చీఫ్ ఒక్కడే. చీఫ్ అరిచే మనిషి. ఒకరోజు వాల్వు పగిలిందని మేస్త్రి మీద పడ్డాడు. వాల్వుతో మొదలై మేస్త్రి చదువు, పెంపకం, నడక దాకా వెళ్లింది. పెద్దాయన పక్కనే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. నాలుగు నిమిషాలైంది. చీఫ్ గాలి పీల్చుకోవడానికి ఆగాడు. అప్పుడు పెద్దాయన ఎంతో మర్యాదగా, "సార్, ఇప్పుడు చెప్పండి" అన్నాడు. చీఫ్ నోరు తెరిచి, మూసి, ఇంట్లో తన తల్లికి ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్లిపోయాడు. వాల్వు మర్నాడు కొత్తది వచ్చింది.

ఇలా రెండేళ్లు గడవబోతున్నాయి. లెక్కలమ్మాయిది రెండేళ్ల పరీక్షా కాలం. ఆ తర్వాత ఉంచుకుంటారు, లేదా పంపించేస్తారు. ఉంచుకుంటే ఆమె చెయ్యాలనుకున్న మొట్టమొదటి పని అక్కావాళ్ల హాల్లో సోఫా ఖాళీ చెయ్యడం. రెండేళ్లుగా ఆమె నిద్రపోయేది ఆ సోఫా మీదే. బావ మంచివాడు. కానీ టీవీలో ఆట చూసేటప్పుడు ఆయనకి సోఫాలో సగం కావాలి. ఆటలు రోజూ ఉంటాయి. బంధువుల్లో ఎవరో అడిగితే, మా చెల్లి మోడలింగ్ చేస్తుందని అక్క చెప్పింది. వాళ్లు ఈమెని ఎగాదిగా చూశారు. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంటే వాళ్లు ఏమనుకుంటారో ఆమె ఊహించగలదు.

చీఫ్ షరతు సూటిగా ఉంది. ఆమె మోడల్ చెప్పిన గీత మీద పెద్దాయన కొలతలు చుక్కలుగా వచ్చి కూర్చోవాలి. కూర్చుంటే ఉద్యోగం ఖాయం. నెలాఖరు గడువు. రంధ్రాలన్నీ కలిసి ఇరవై మిల్లీలీటర్లు పట్టే ఒక రాతి ముక్క ఇచ్చారు. తొమ్మిది మిల్లీలీటర్లు లోపలికి పోయేసరికి నీరు రెండో చివర తొంగిచూడాలని ఆమె మోడల్ అంది. ఐదు నెలలు తిరగేసి మరగేసి చూసింది. తొమ్మిదే.

పెద్దాయన కొలతల కాగితం వచ్చింది. లాబ్ కాగితాల్లోంచి గొట్టం కొలత తీసెయ్యాలని ఆమెకి ఇచ్చిన పద్ధతుల పుస్తకంలో ముప్ఫై నాలుగో పేజీలో ఉంది. తీసేసింది. ఆరున్నర వచ్చింది. తొమ్మిది ఎక్కడ, ఆరున్నర ఎక్కడ. ఆమె గీత ఒక పక్క, ఆయన చుక్కలు ఇంకో పక్క, మాటల్లేని అన్నదమ్ముల్లా నిలబడ్డాయి. వారం రోజులు నిద్ర మానేసి తన లెక్క వెతికింది. అందులో తప్పు లేదు. తన లెక్కలో తప్పు లేనప్పుడు తప్పు ఎక్కడుండాలి? రాయి చుట్టూ ఒక రబ్బరు తొడుగు బిగిస్తారు. అది వదులైతే నీరు రాయిలోంచి పోకుండా పక్కనుంచి దొంగదారిన జారిపోయి ముందే బయటపడుతుంది. అంతే అయ్యుండాలి అనుకుంది. ఒకసారి అనుకున్నాక ఇంకేదీ తోచలేదు.

సోమవారం పొద్దున చీఫ్‌కి ఉత్తరం రాసింది. రెండు పేజీలు. లాబ్ కొలతలు నమ్మదగ్గవి కావనీ, రబ్బరు తొడుగు విషయంలో ఏళ్ల తరబడి అశ్రద్ధ కనిపిస్తోందనీ, అలవాటుగా చేసే కొన్ని విచిత్రమైన పనులు శాస్త్రీయమైన శ్రద్ధకి బదులు కాలేవనీ రాసింది. ఆ ఆఖరి వాక్యం రాసినప్పుడు బాగా కుదిరిందనిపించింది. కవర్లో పెట్టి చీఫ్ గది బయట పెట్టెలో వేసింది. నియమం ప్రకారం ఒక నకలు లాబ్‌కి వెళ్లాలి. అదీ పంపింది.

ఆ రోజు ఏమీ జరగలేదు. మంగళవారం కూడా. బుధవారం మెట్ల మీద పెద్దాయన ఎదురయ్యాడు. ఆమె గోడ వైపు ఒదిగింది. ఆయన ఎప్పటిలాగే ఎలా ఉన్నావమ్మా అన్నాడు. బాగున్నాను సార్ అంది. ఆగి, మళ్లీ అడిగాడు. సరిగా నిద్ర పట్టడం లేదని చెప్పింది. నిద్ర మానుకుంటే చుక్కలు రెండేసి కనిపిస్తాయనీ, మధ్యాహ్నం పూట లాబ్‌లో పొడుగు బల్ల ఖాళీగానే ఉంటుందనీ, కావాలంటే వచ్చి పడుకోవచ్చనీ చెప్పి, ఒక్కో మెట్టూ దిగి వెళ్లాడు. ఉత్తరం సంగతి ఎత్తలేదు. నకలు ఆయన చేతికి ఇంకా అందలేదని ఆమె ధైర్యం చెప్పుకుంది.

గురువారం సాయంత్రం ఆ రబ్బరు తొడుగు సంగతి తేల్చేద్దామని లాబ్‌కి వెళ్లింది. పెద్దాయన లేడు. మేస్త్రి పంపు విప్పి పరిచి, మధ్యలో కూర్చుని ఉన్నాడు. తొడుగు చూడాలంది.

"చూసుకోండి. పోయిన నెలే కొత్తది వేశాం. చుక్క కారినట్టు చూపిస్తే నా చెవి కోసిస్తాను."

"మరి ఆరున్నరకే నీరెలా వచ్చింది?"

"ఆరున్నరేమిటి? తొమ్మిది. నేనూ ఇక్కడే ఉన్నాను."

"కాగితంలో తొమ్మిదే. గొట్టం తీసేస్తే ఆరున్నర కదా."

మేస్త్రి చేతిలో స్పానరు కింద పెట్టాడు. ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నిజంగానే అడుగుతోందని అర్థమై, నెమ్మదిగా, ఆస్వాదిస్తూ అన్నాడు.

"గొట్టం తీశారా? మీరు? పారబోత పెద్దాయన కాగితంలోంచి?"

ఆమె పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. మేస్త్రి మాత్రం ఆపలేదు. టీలో మొదటి గుక్క పారబోసే మనిషి, బస్సుల్లో మొదటి బస్సు పారబోసే మనిషి, గొట్టంలో ఉన్నది మాత్రం భద్రంగా కాగితం మీద రాస్తాడా అని అడిగాడు. ఆ రెండున్నరా కాగితం దాకా ఎప్పుడు వచ్చాయని అడిగాడు. పైన ఆయన్ని నవ్వు పుట్టేలా అనుకరిస్తారట కదా, నాకూ ఒకసారి చూపించండి అన్నాడు. అతనికి ఉత్తరం సంగతి తెలియదు. తెలిసుంటే అలా అడిగేవాడు కాదు.

ఆమె మూడో అంతస్తుకి వెళ్లి, ఒకసారి తీసిన గొట్టాన్ని రెండోసారి తియ్యడం మానేసి, మీట నొక్కింది. చుక్కలన్నీ కదిలి, ఒకదాని వెంట ఒకటి నడిచొచ్చి గీత మీద కూర్చున్నాయి. ఐదు నెలలుగా ఎదురుచూసిన బొమ్మ. చూస్తూ ఆమె తల పట్టుకుంది. మోడల్ నిలబడింది. కానీ పెద్దాయన మీద తను రాసిన రెండు పేజీలూ చీఫ్ బల్ల మీద ఉన్నాయి.

ఇంటికెళ్లి అక్కతో చెప్పింది. అక్క లోకం తెలిసిన మనిషి. బొమ్మ కుదిరిందిగా, నెలాఖరు దాకా నోరు మూసుకో, కాగితం చేతికొచ్చాక పెద్దాయన కాళ్లమీద పడు అంది. ఆ ఉత్తరం చూసి ఈలోపు చీఫ్ ఆయన్ని ఏమైనా అంటే అని ఈమె అడిగింది. ముప్ఫై ఏళ్లు చేసినాయన, ఆయనకి ఏమవుతుంది, పోయేది నీ ఉద్యోగమే అంది అక్క. బావ టీవీ గొంతు తగ్గించాడు. ఆ ఇంట్లో అది అరుదైన సంగతి.

"చెప్పేస్తే ఉద్యోగం పోతుందా?" అన్నాడు.

"పోవచ్చు బావా. కొలతలు చదవడం రాని మనిషి ఎందుకంటారు. అందులోనూ పెద్దాయన పరువు తియ్యబోయి."

బావ సోఫాలో తన వైపు నుంచి ఒక దిండు తీసి ఆమె వైపు పెట్టాడు. "ఇది ఎక్కడికీ పోదులే" అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే రెండో ఉత్తరం రాసింది. ఆరు వాక్యాలు. కొలత సరిగ్గా ఉంది, తొడుగు సరిగ్గా ఉంది, తీసేసిన గొట్టాన్నే నేను మళ్లీ తీశాను, ముందు రాసిన ఉత్తరంలో ప్రతి మాటకీ క్షమించాలి. ముందు పెద్దాయనకి చూపిద్దామని లాబ్‌కి వెళ్తే ఆయన ఇంకా రాలేదు. మొదటి బస్సు ఇప్పుడే వెళ్లింది, పావుగంట పడుతుందన్నాడు మేస్త్రి. పావుగంట ఆగితే తన ధైర్యం ఆగదని ఆమె నేరుగా పైకి వెళ్లి చీఫ్ గది తలుపు తట్టింది.

చీఫ్ ఆరు వాక్యాలూ చదివాడు. ఆమె అరుపు కోసం సిద్ధపడి, కుర్చీ వెనకభాగం పట్టుకుని నిలబడింది. అరుపు రాలేదు. ఆయన సొరుగు లాగి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. సోమవారం ఆమె వేసిన కవరు. అంటించింది అంటించినట్టే ఉంది.

"చదవలేదా సార్?"

"చదవనివ్వలేదు. సోమవారం పెట్టెలోంచి నా చేతికి రాకముందే పెద్దాయన ఇక్కడ కూర్చుని ఉన్నాడు. శుక్రవారం దాకా విప్పొద్దన్నాడు. ఇందులో తన గురించి ఏం రాశారో మాత్రం చెప్పడు. శుక్రవారం లోపు రెండోది రాకపోతే ఏం చెయ్యమంటావంటే, అప్పుడు మొదటిదే చదవండి అన్నాడు."

నకలు ఆయనకి సోమవారమే అందిందన్నమాట. ఆరున్నర అన్న అంకె చూడగానే సంగతి గ్రహించి ఉంటాడు. బుధవారం మెట్ల మీద ఆయనకి అంతా తెలుసు. తెలిసే బల్ల మీద పడుకొమ్మన్నాడు. లెక్కలమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. నాతోనే ఒక మాట చెప్పేస్తే సరిపోయేది కదా సార్ అంది.

చీఫ్ తనూ అదే అడిగానన్నాడు. చెబితే నమ్మదు, నా కొలతని నేను వెనకేసుకొస్తున్నాననుకుంటుంది, తనంతట తనే వెతుక్కుంటుంది లెండి, కాస్త నిద్రపోతే చాలు అని పెద్దాయన అన్నాడట. అంతటితో ఆగక, మొదటి తప్పు ఆయనదేనని కూడా చెప్పి వెళ్లాడట. గొట్టం తీసేశానని ముప్ఫై ఏళ్లలో ఒక్క కాగితం మీదా రాయలేదట. అందరికీ తెలుసు కదా అనుకున్నాడట. ఇకమీదట ప్రతి కాగితం మీదా రాస్తానన్నాడట.

లెక్కలమ్మాయి కవరు వంక చూస్తూ నిలబడింది. చీఫ్ కూడా దాని వంకే చూస్తున్నాడు. ఇలా సొరుగులో ఆగిన కవర్లు అంతకుముందూ ఉన్నాయన్నాడు. ఎవరివని ఆమె అడగకముందే ఆయనే చెప్పాడు.

"ఇరవై రెండేళ్ల క్రితం నాది కూడా ఒకటి. అప్పటి చీఫ్ దగ్గర ఐదు రోజులు ఆపించాడు. మీరు ఆయన్ని అశ్రద్ధ మనిషి అని రాశారేమో. నేను ఈ ఊరి నుంచే బదిలీ చెయ్యమన్నాను. నాలుగు పేజీలు."

"తర్వాత ఏం చేశారు సార్?"

"చించేశాను. ఉంచుకోవాల్సింది. అప్పుడప్పుడూ చదువుకుంటే ఇంత గొంతు లేచేది కాదు."

ఆ కవరు ఆమె చేతికిచ్చాడు. ఇంకో సొరుగులోంచి వేరే కాగితం తీశాడు. పైన ఆమె పేరు, కింద సంతకానికి చోటు ఉన్న కాగితం. అది ఏ కాగితమో ఆమెకి తలకిందులుగానే తెలిసిపోయింది.

"అయితే ఇప్పుడు చుక్కలు గీత మీద కూర్చున్నట్టేనా?"

"కూర్చున్నాయి సార్."

చీఫ్ పెన్ను మూత తీశాడు. కాగితానికి ఆనించాడు. సంతకం పెట్టలేదు. తల ఒక పక్కకి వాల్చి, ఆ మాట బల్ల మీంచి దొర్లి కింద పడేదాకా ఆగి, కళ్లెత్తాడు.

"కూర్చున్నాయా?"

లెక్కలమ్మాయి కవరుని రెండు చేతులా పట్టుకుంది. "కూర్చున్నాయి సార్. ఆఖర్న రెండు మాత్రం కొంచెం పైకి లేచి ఉన్నాయి. ఎందుకో నాకు తెలియదు."

చీఫ్ సంతకం పెట్టాడు. తేదీ వేసి, ఊది, కాగితం ఆమె వైపు తోశాడు. ఆ రెండు చుక్కల సంగతి కింద చెప్పారా అని అడిగాడు. ఇంకా లేదంది. అయితే సోమవారం చెప్పమన్నాడు. ఇవాళ చెబితే శని, ఆదివారాలు ఆయనా ఇంటికెళ్లడు, మేస్త్రినీ వెళ్లనివ్వడు, రాయిని మళ్లీ మొదటినుంచీ తడుపుతాడు అన్నాడు.

లెక్కలమ్మాయి తప్పకుండా సోమవారమే చెబుతానంది. మెట్లు దిగేసరికి పెద్దాయన రెండో బస్సు దిగి లోపలికి వస్తున్నాడు. ఆమె సోమవారం దాకా ఆగలేకపోయింది. ఆ శనివారం తన పెళ్లాం వండింది చల్లారి గడ్డకట్టిపోయిందని మేస్త్రి ఇప్పటికీ ఆమెని దెప్పుతూనే ఉంటాడు.